పశువుల అంటురోగాలు: రోగం నడిచే దారులు, ఊరు కట్టాల్సిన గట్టు

కృష్ణా నదిపై విజయవాడ దగ్గర 1855లో ఆనకట్ట పూర్తయి, కాలువల నీరు పల్లపు భూములకు పారడం మొదలైనప్పటి నుంచి డెల్టాలో సేద్యంతో పాటు పశుపోషణ తీరు కూడా మారుతూ వచ్చింది. 1957లో ఆ ఆనకట్ట స్థానంలో ప్రకాశం బ్యారేజి వచ్చి వరి సాగు మరింత స్థిరపడిన తరువాత, వరిగడ్డి వాములు, వరి చేలలో చల్లే పిల్లిపెసర, జనుము, కాలువ గట్ల మీది పచ్చిక ఆధారంగా గేదెల పాడి దాదాపు ప్రతి ఊరిలోనూ వేళ్లూనుకుంది. చిన్న కమతం ఉన్న రైతుకూ, సెంటు భూమి లేని కూలి కుటుంబానికీ కూడా రెండు పూటలా పాలకేంద్రంలో పోసే పాలే చేతిలో ఆడే డబ్బు కావడంతో, ఇంటి పక్క పాకలో ఒకటో రెండో గేదెలు ఉండడం ఇక్కడి జీవితంలో భాగమైంది.

అయితే ఈ పాడికి ఆధారమైన పరిస్థితులే అంటురోగాలకు కూడా అనువుగా ఉంటాయి. ఒక పాకకు ఆనుకుని మరొక పాక, అందరి గేదెలూ దిగే ఒకే చెరువు లేదా పంటకాలువ, ఇంటింటికీ తిరిగే పాల క్యాన్లు, వారపు సంతల్లో చేతులు మారే పశువులు, కోతలైన పొలాల్లో ఎరువు కోసం మంద కట్టడానికి దూరప్రాంతాల నుంచి నడిచి వచ్చే గొర్రెలు, ఇవన్నీ ఒక పశువును మరొక పశువుతో కలుపుతాయి. పశువులకు వచ్చే అంటురోగం ఎక్కడో పుట్టి తనంతట తాను ఊరి మీద పడేది కాదని, చాలావరకు మనుషులు వేసిన ఈ దారుల వెంటే నడిచి వస్తుందని, అందువల్ల దాన్ని ఆపడం కూడా ఒక్కో ఇంటి పని కాక ఊరంతా కలిసి చేయవలసిన పని అవుతుందని గ్రహించడం పశుపోషకులకు అత్యవసరం.

రోగం సోకడానికి ముందు జరిగేది

ఏ అంటురోగమైనా వ్యాపించాలంటే మూడు అంశాలు కలవాలి. రోగాన్ని కలిగించే సూక్ష్మజీవి ఉండాలి. అది ఒక పశువు నుంచి బయటపడి మరొక పశువును చేరడానికి దారి ఉండాలి. చేరిన చోట ఆ సూక్ష్మజీవిని ఎదిరించే శక్తి లేని పశువు ఉండాలి. సూక్ష్మజీవి శరీరంలో ప్రవేశించిన క్షణం నుంచి రోగ లక్షణాలు కనిపించే దాకా పట్టే వ్యవధిని పొదిగే కాలం అంటారు. ఈ కాలంలో పశువు మేత మేస్తుంది, నెమరు వేస్తుంది, పాలు ఇస్తుంది, చూసేవారికి ఆరోగ్యంగానే కనిపిస్తుంది. కొన్ని రోగాల్లో మాత్రం లక్షణాలు బయటపడక ముందే సూక్ష్మజీవులను విడుదల చేయడం మొదలుపెడుతుంది. రోగం నుంచి కోలుకున్న తరువాత కూడా, లేదా అసలు జబ్బు పడకుండానే, సూక్ష్మజీవిని లోపల దాచుకుని తిరిగే పశువులూ ఉంటాయి. వీటిని వాహక పశువులు అంటారు. జబ్బు చేసిన పశువుకు మాత్రమే దూరంగా ఉంటే చాలుననే నమ్మకం సరిపోకపోవడానికి కారణం ఈ రెండు అవస్థలే.

శ్వాస, చొంగ, సంత: గాలికుంటు

వ్యాప్తి వేగంలో గాలికుంటు వ్యాధిని మించినవి అరుదు. గిట్టలు చీలి ఉన్న పశువులన్నింటికీ, అంటే ఆవులు, గేదెలు, గొర్రెలు, మేకలు, పందులకు సోకే ఈ రోగానికి కారణమైన వైరస్ పశువు చొంగలో, ఊపిరిలో, పాలలో, పేడలో, బొబ్బల నుంచి కారే ద్రవంలో ఉంటుంది. రోగం సోకిన గేదెకు మొదట తీవ్రమైన జ్వరం వస్తుంది. ఆ తరువాత నాలుక మీద, చిగుళ్ల మీద, గిట్టల మధ్య చీలికలో నీటి బొబ్బలు లేచి, ఒకటి రెండు రోజుల్లో పగిలి, ఎర్రని పుండ్లుగా మారతాయి. నోటి వెంట తీగలుగా చొంగ కారుతుంది, పశువు చప్పరిస్తున్న శబ్దం వినిపిస్తుంది, కాలు నేల మీద ఆనించలేక కుంటుతుంది. పెద్ద పశువులు సాధారణంగా బతికి బయటపడతాయి గానీ, వైరస్ గుండె కండరాన్ని దెబ్బతీయడం వల్ల లేగదూడలు హఠాత్తుగా చనిపోతాయి. బతికిన పాడి పశువుల్లో పాల దిగుబడి మునుపటి స్థాయికి రాకపోవడం, ఎదకు సరిగా రాకపోవడం, ఎండకు రొప్పడం వంటి ఇబ్బందులు చాలాకాలం మిగిలిపోతాయి. రైతుకు అసలు నష్టం కలిగించేది ఈ మిగిలిపోయిన బలహీనతే.

ఈ వైరస్ ప్రయాణానికి పశువు తప్పనిసరిగా నడవవలసిన పని లేదు. జబ్బు పశువు మూతి పెట్టిన కుడితి తొట్టి, దాని చొంగ పడిన గడ్డి, దాన్ని తాకిన మనిషి చేతులు, చెప్పులు, దాన్ని ఎక్కించిన లారీ పలకలు కూడా వైరస్‌ను మోస్తాయి. సంత ఇందులో అత్యంత ప్రమాదకరమైన కూడలి. బ్రిటన్‌లో 2001 ఫిబ్రవరిలో గాలికుంటును గుర్తించేనాటికే రోగం సోకిన గొర్రెలు పశువుల సంతల ద్వారా దేశంలోని అనేక ప్రాంతాలకు చేరిపోయాయి. ఆ వ్యాప్తిని ఆపడానికి 60 లక్షలకు పైగా పశువులను వధించవలసి వచ్చింది. రోగం సోకిన నాటికీ, అది బయటపడిన నాటికీ మధ్య ఉన్న ఆ వ్యవధిలోనే నష్టమంతా జరిగింది. డెల్టాలో కూడా నోటి పుండ్లు కనిపించగానే నష్టం తగ్గించుకోవాలని పశువును సంతకు తోలే అలవాటు ఉన్న చోట ఇదే కథ చిన్న స్థాయిలో పునరావృతం అవుతుంది.

భారతదేశంలో ప్రస్తుతం ఈ వైరస్‌లో ఓ, ఎ, ఆసియా-1 అనే మూడు రకాలు తిరుగుతున్నాయి. ఒక రకం వల్ల వచ్చిన రక్షణ మరొక రకానికి పనికిరాదు కాబట్టి టీకాలో మూడింటినీ కలుపుతారు. ఆ రక్షణ కూడా ఎక్కువ కాలం నిలవదు కాబట్టి ప్రతి 6 నెలలకు ఒకసారి టీకా తప్పనిసరి. కేంద్ర ప్రభుత్వం 2019 సెప్టెంబరులో గాలికుంటు, బ్రూసెల్లోసిస్ వ్యాధుల నియంత్రణకు ప్రారంభించిన జాతీయ కార్యక్రమం కింద ఈ టీకాలను ఉచితంగా వేస్తూ, ప్రతి పశువు చెవికి 12 అంకెల గుర్తింపు సంఖ్య ఉన్న పోగు వేసి వివరాలు నమోదు చేస్తున్నారు.

నీరు, నేల: గొంతువాపు, దొమ్మ, జలగ

తొలకరి వానలతో, ముఖ్యంగా వరదల తరువాత డెల్టా గేదెలను పొట్టన పెట్టుకునేది గొంతువాపు వ్యాధి. పాశ్చురెల్లా మల్టోసిడా అనే బాక్టీరియా వల్ల వచ్చే ఈ రోగం ఆవుల కంటే గేదెల్లో తీవ్రంగా ఉంటుంది. ఈ బాక్టీరియా కొన్ని పశువుల గొంతులో ఏ హానీ చేయకుండా నిద్రాణంగా ఉంటుంది. మేత తక్కువై, వానకు తడిసి, దూర ప్రయాణం చేసి పశువు బలహీనపడినప్పుడు విజృంభించి, చొంగ ద్వారా, కలుషితమైన నీరు, మేత ద్వారా పక్క పశువులకు పాకుతుంది. హఠాత్తుగా వచ్చే జ్వరం, గొంతు కింద వేడిగా గట్టిపడే వాపు, ఊపిరాడక వచ్చే గురక కనిపించిన తరువాత చాలా గేదెలు ఒకటి రెండు రోజులకు మించి బతకవు. 2024 సెప్టెంబరు తొలి రోజుల్లో బుడమేరు పొంగి విజయవాడ పరిసరాలను ముంచెత్తి, ప్రకాశం బ్యారేజి నుంచి 11.43 లక్షల క్యూసెక్కుల వరద నీరు దిగువకు వెళ్లిన సందర్భం వంటి విపత్తులలో పశువులు నీటిలో నానుతూ, ఆకలితో, గట్ల మీద, రోడ్ల మీద కిక్కిరిసి నిలబడవలసి వస్తుంది. ఈ రోగం కోరుకునే పరిస్థితులన్నీ అక్కడ ఒక్కచోట కూడుతాయి. వాన కాలం రాకముందే గొంతువాపు, జబ్బవాపు టీకాలు వేయించాలని పశువైద్యులు ఏటా చెప్పడానికి కారణం ఇదే. జబ్బ కండరాలలో గాలి చేరి వాచే జబ్బవాపు ముఖ్యంగా వయసులో ఉన్న బలిష్ఠమైన పశువులను చంపుతుంది.

దొమ్మ రోగం స్వభావం వేరు. దీని బాక్టీరియా పశువు శరీరం బయట గాలి తగలగానే గట్టి కవచం తొడుక్కుని, విత్తనం వంటి బీజరూపంలోకి మారి, నేలలో దశాబ్దాల పాటు చావకుండా ఉండగలదు. అకస్మాత్తుగా చనిపోయి, ముక్కు, నోరు, మలద్వారం వంటి రంధ్రాల నుంచి గడ్డకట్టని నల్లని రక్తం కారుతున్న పశువును దొమ్మతో చనిపోయినట్లుగానే అనుమానించాలి. అటువంటి కళేబరాన్ని కోయడం, తోలు ఒలవడం, మాంసం పంచుకోవడం అంటే లోపలి కోట్ల బాక్టీరియాకు గాలి తగిలించి, ఆ నేలను ఎన్నో ఏళ్లపాటు విషపూరితం చేయడమే. పైగా ఈ రోగం మనుషులకూ సోకి ప్రాణాలు తీస్తుంది. కళేబరాన్ని కోయకుండానే కాల్చివేయడం లేదా సున్నం చల్లి లోతుగా పూడ్చడం మాత్రమే సరైన మార్గం. దాన్ని కాలువలో తోసేస్తే ఏ రోగమైనా నీటి వెంట దిగువ ఊళ్లకు చేరుతుంది. పశువుల అంటువ్యాధుల నివారణ, నియంత్రణ కోసం 2009లో వచ్చిన కేంద్ర చట్టం రోగంతో చనిపోయిన పశువును నదిలో, చెరువులో, కాలువలో వేయడాన్ని శిక్షార్హమైన నేరంగా ప్రకటించింది. కాలువలే ప్రాణాధారమైన డెల్టాలో ఈ నిబంధన విలువ ఎంతటిదో వేరుగా చెప్పనక్కర్లేదు.

నీటి ద్వారానే నడిచే మరొక దారి కార్జపు జలగది. రోగం ఉన్న గేదె పేడలోని జలగ గుడ్లు మడుగు నీటిలో పడి పగులుతాయి. వాటి నుంచి వచ్చిన సూక్ష్మ లార్వా ఈదుకుంటూ ఒక జాతి నీటి నత్తలోకి దూరి, అక్కడ అనేక రెట్లు పెరిగి, తిరిగి నీటిలోకి వచ్చి, గట్టు అంచు గడ్డికీ వరి దంట్లకూ అంటుకుని గుల్ల కట్టుకుంటుంది. ఆ గడ్డి తిన్న పశువు కార్జంలో జలగగా ఎదుగుతుంది. ఇది ఒక గేదె నుంచి మరొక గేదెకు నేరుగా అంటే రోగం కాదు. మధ్యలో నత్త లేనిదే దీనికి మనుగడ లేదు. దవడ కింద నీరు చేరి సంచిలా వేలాడడం, పశువు క్రమంగా చిక్కిపోవడం దీని గుర్తులు. నీరు నిలిచే చోట మేపకపోవడం, వరిగడ్డిని బాగా ఎండిన తరువాతే వామి వేయడం, వైద్యుల సలహాతో కాలానుగుణంగా మందు తాగించడం ఈ గొలుసును తెంచే పనులు.

రెక్కల మీద వచ్చే రోగాలు

కొన్ని రోగాలకు రక్తం పీల్చే కీటకాలే వాహనాలు. 1929లో ఆఫ్రికాలోని జాంబియాలో మొదట గుర్తించిన ముద్దచర్మ వ్యాధి 2019లో ఒడిశాలో బయటపడి భారతదేశంలో అడుగుపెట్టింది. 2022లో రాజస్థాన్, గుజరాత్ రాష్ట్రాలలో పెద్ద సంఖ్యలో పశువులను బలిగొంది. ఒంటి నిండా గట్టి ముద్దలు లేచే ఈ రోగం గేదెల కంటే ఆవులకు, ఎద్దులకు ఎక్కువగా సోకుతుంది. దోమలు, కుట్టే ఈగలు, గోమార్లు దీన్ని మోస్తాయి. ఈ వైరస్ మేకల మశూచి వైరస్‌కు దగ్గరి బంధువు కావడం వల్ల మేకల మశూచి టీకానే ఆవులకు వేసి రక్షణ కల్పిస్తున్నారు.

గొర్రెలకు నీలి నాలుక వ్యాధిని మోసేది కంటికి సరిగా ఆనని క్యూలికాయిడిస్ అనే చిన్న కీటకం. తేమ నేలలో, పేడ కలిసిన బురదలో పెరిగే ఈ కీటకాలు వానల తరువాత విపరీతంగా వృద్ధి చెందుతాయి కాబట్టి దక్షిణాది రాష్ట్రాలలో ఈ వ్యాధి వర్షాకాలం చివర, ఈశాన్య రుతుపవనాల కాలంలో ఎక్కువగా కనిపిస్తుంది. మూతి వాచి, నోటిలో పుండ్లు పడి, కాళ్లు కుంటుతూ మందలో వెనకబడిపోయే గొర్రెను చూసి కాపరులు దీన్ని గుర్తుపడతారు. వలస మందలతో కొత్త ప్రాంతానికి గొర్రెలు మాత్రమే కాదు, వాటి రక్తంలో ఉన్న వైరస్ కూడా వచ్చి అక్కడి కీటకాలకు చేరుతుంది. శ్వాస, విరేచనాల ద్వారా వ్యాపించే పారుడు రోగం కూడా ఈ మందల బాట వెంటే ఊళ్లు దాటుతుంది. సాయంత్రం వేళ పాకలో వేపాకు పొగ వేయడం, పేడ కుప్పలను పాకకు దూరంగా ఉంచడం, నీరు నిలవకుండా చూడడం వంటి పాత అలవాట్లు కీటకాల బెడదను కొంత తగ్గిస్తాయి గానీ, అవి టీకాకు ప్రత్యామ్నాయం కావు.

మనిషి చేతుల మీదుగా

అన్నిటికంటే ఎక్కువగా మరుగున పడే దారి మనిషి చేయి. పొదుగువాపు ఉన్న గేదె పాలు పితికిన చేతులను కడుక్కోకుండానే పక్క గేదె చన్నులను పట్టుకుంటే, బాక్టీరియా ఆ తడి వేళ్ల మీదుగా చనుకట్టు రంధ్రంలోకి ప్రవేశిస్తుంది. ఒకే మనిషి తెల్లవారుజామున వరుసగా పలు ఇళ్లలో పాలు పితికే ఊళ్లలో ఒక ఇంటి పొదుగువాపు వారం తిరిగేసరికి ఆ వరుసలోని ఇళ్లన్నింటినీ చేరగలదు. జబ్బు గేదెను చివర పితకడం, ఒక్కో గేదెకూ మధ్య చేతులు, పొదుగు శుభ్రంగా కడగడం, పితికిన తరువాత చన్నులను క్రిమిసంహారక ద్రావణంలో ముంచడం, పాడైన పాలను నేల మీద పిండకుండా విడిగా పారబోయడం ఖర్చు లేని రక్షణలు.

ఈసుడు రోగంగా పిలిచే బ్రూసెల్లోసిస్ ఇంకా మొండిది. చూలు చివరి నెలల్లో ఈసుకుపోయిన గేదె మావి, గర్భద్రవాలలో ఈ బాక్టీరియా అపారంగా ఉంటుంది. వాటిని ఉత్త చేతులతో తీసే మనిషికీ, ఆ చోట గడ్డి తినే పశువులకూ సోకుతుంది. మనుషులలో ఇది వచ్చిపోయే జ్వరంగా, కీళ్ల నొప్పులుగా నెలల తరబడి బాధిస్తుంది. 4 నుంచి 8 నెలల వయసులో ఉన్న పెయ్యదూడలకు ఒక్కసారి వేసే టీకా దీనికి ప్రధాన రక్షణ. పాలను బాగా మరిగించి తాగడం ఇంటిల్లిపాదికీ రక్షణ.

కోళ్ల విషయంలోనూ ఇదే సూత్రం వర్తిస్తుంది. 2025 ఫిబ్రవరిలో పశ్చిమ గోదావరి జిల్లా వేల్పూరు, తూర్పు గోదావరి జిల్లా కానూరు అగ్రహారం ఫారాలలో, ఆ వెంటనే ఎన్టీఆర్ జిల్లా గంపలగూడెంలోనూ హెచ్5ఎన్1 బర్డ్ ఫ్లూను నిర్ధారించారు. అడవి నీటి పక్షులు ఈ వైరస్‌కు సహజ ఆశ్రయాలు. అయితే అది ఫారం లోపలికి వచ్చాక ఒక షెడ్డు నుంచి మరొక షెడ్డుకు, ఒక ఊరి నుంచి మరొక ఊరికి చేరేది ఎక్కువగా గుడ్ల ట్రేలు, దాణా లారీలు, పనివారి చెప్పులు, చచ్చిన కోళ్లను బయట పారేసే అలవాటు ద్వారానే.

పూర్తిగా నిర్మూలమైన ఒక రోగం

పశువుల అంటురోగాలను ఓడించడం అసాధ్యం కాదని నిరూపించినది రిండర్‌పెస్ట్, అంటే పశువుల ప్లేగు. శతాబ్దాల పాటు ఆసియా, ఐరోపా, ఆఫ్రికా ఖండాలలో మందలకు మందలను తుడిచిపెట్టిన ఈ రోగమే ఐరోపాలో పశువైద్య విద్య పుట్టుకకు ప్రధాన కారణం. 1920లో భారతదేశం నుంచి బ్రెజిల్‌కు వెళ్తున్న మూపురం పశువులు బెల్జియంలోని ఆంట్వెర్ప్ రేవులో ఆగినప్పుడు ఈ రోగం అక్కడ వ్యాపించింది. ఆ అనుభవం నుంచే 1924లో పారిస్‌లో 28 దేశాలు కలిసి ప్రపంచ పశు ఆరోగ్య సంస్థకు పునాది వేశాయి. హిమాలయాలలోని ముక్తేశ్వర్ పరిశోధనశాలలో 1920లలో రూపొందిన టీకాతో మొదలై, 1954 నుంచి జాతీయ కార్యక్రమంగా సాగిన కృషి ఫలితంగా భారతదేశంలో 1995 తరువాత ఈ రోగం కనిపించలేదు; 2011లో ప్రపంచమంతా దీని నుంచి విముక్తి పొందిందని ప్రకటించారు. మనుషుల మశూచి తరువాత భూమి మీద నుంచి పూర్తిగా తొలగిపోయిన రెండో రోగం ఇదే.

రిండర్‌పెస్ట్‌కు ఒకే రకం వైరస్ ఉండడం, టీకా రక్షణ జీవితాంతం నిలవడం, కోలుకున్న పశువులు వాహకాలుగా మిగలకపోవడం ఆ విజయాన్ని సులభతరం చేశాయి. గాలికుంటుకు ఈ మూడు అనుకూలతలూ లేవు. కాబట్టి ఇక్కడ సమష్టి క్రమశిక్షణే ఆ లోటును పూడ్చాలి. ఒక మందలో అధిక సంఖ్యలో పశువులకు రక్షణ ఉంటే వైరస్‌కు కొత్త ఆశ్రయం దొరకక వ్యాప్తి ఆగిపోతుంది. దీన్నే సామూహిక రోగనిరోధకత అంటారు. కాలువ గట్టుకు ఎంత పొడవునా మట్టి పోసినా ఒక్కచోట గండి వదిలితే నీరు ఎలా ఊరి మీదికి వస్తుందో, టీకా వేయించని కొన్ని పాకల ద్వారా రోగం ఊరంతటినీ అలాగే చేరుతుంది. సూది వేసిన రెండు మూడు రోజులు పాలు కాస్త తగ్గుతాయనే భయంతో టీకా రోజున గేదెను పొలానికి తోలేసే రైతు, గాలికుంటు వస్తే పోగొట్టుకునే నెలల పాలను లెక్కలోకి తీసుకోవడం లేదు. తనతో పాటు పొరుగువారి పాలను కూడా పణంగా పెడుతున్నాడు.

ఊరు చేయవలసిన పనులు కష్టమైనవి కావు. గ్రామంలోని పశువులన్నింటికీ ఒకే విడతలో టీకాలు వేయించాలి. కొత్తగా కొన్న పశువును మూడు, నాలుగు వారాల పాటు వేరే పాకలో కట్టి, వేరే తొట్టిలో నీరు పెట్టాలి. రోగం అనుమానం రాగానే పశువును విడదీసి, రైతు సేవా కేంద్రానికి గానీ పశువైద్యశాలకు గానీ తెలపాలి. 1962 నంబరుకు ఫోన్ చేస్తే సంచార పశువైద్య వాహనం వస్తుంది. గాలికుంటు వచ్చిన పాకను వందకు నాలుగు వంతుల చాకలి సోడా ద్రావణంతో కడగాలి. ఊరిలో రోగం తగ్గేదాకా సంతకు పశువులను తోలకూడదు, సంత నుంచి తేకూడదు.

వీటన్నిటిలోకీ అతి ముఖ్యమైనది ఒకటే: జబ్బు చేసిన పశువును అమ్మకూడదు. ఆ అమ్మకంతో ఒక కుటుంబానికి మిగిలే కొద్దిపాటి డబ్బు, పశువును తెలియక కొన్నవారి ఇంటికీ, వారి ఊరికీ ఎన్నో రెట్ల నష్టంగా మారుతుంది. పొరుగింటి గేదె ఆరోగ్యమే తమ గేదెకు కాపలా అని డెల్టా పాడి రైతులు గుర్తించి, రోగాన్ని దాచకుండా చెప్పి, పశువును సంతకు తోలకుండా వైద్యునికి చూపించాలి.